ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు మొదటిసారి: సెలవు 12 రోజులే, సరిపోతాయా?

బెజవాడ_నడక

నమస్తే అండీ. మేం రెండు జంటలం, విజయవాడ నుంచి. వయసు 44 నుంచి 52 మధ్య. దసరా దాటాక అక్టోబరులో నేపాల్ వెళ్లి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడవాలని అనుకుంటున్నాం. విదేశంలో కొండల మీద నడవడం నలుగురికీ ఇదే మొదలు. ఇంటి నుంచి బయల్దేరి మళ్లీ ఇంటికి చేరేదాకా మొత్తం 12 రోజులు సెలవు దొరుకుతుంది. ఒక ఏజెన్సీ వాళ్లు 12 రోజుల్లో అయిపోతుందని ప్లాన్ పంపారు. దారిలో వచ్చే నామ్చే ఊళ్లో ఒక్క రాత్రే పెట్టారు.

మాలో ఒకరికి బీపీ, ఒకరికి షుగర్. ఇద్దరూ మాత్రల మీదే ఉన్నారు, ఇన్సులిన్ లేదు. ఇద్దరు పూర్తి శాకాహారులు. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాం, కానీ అంతా చదును నేల మీదే. రోజుల లెక్క, మందులు, కాగితాలు, డబ్బు, బట్టలు, వేటి గురించైనా తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ముఖ్యంగా ఆ 12 రోజుల ప్లాన్ ఒప్పుకోవచ్చా?

ఖుంబు_దారి

ఒప్పుకోవద్దండీ. ఇందులో ఇంకో మాట లేదు.

బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒక్కో ఊపిరిలో అందే ఆక్సిజన్ విజయవాడలో అందేదాంట్లో దాదాపు సగం. దానికి శరీరం అలవాటు పడాలంటే రోజులు కావాలి. ఎంత బలమైన కాళ్లున్నా ఆ రోజులు తగ్గవు. పర్వత వైద్యులు చెప్పే లెక్క ఇది: 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందు రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్లో ఇంకో రాత్రి ఆగాలి. పగలు ఎంత ఎత్తుకు ఎక్కారన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే లెక్క.

ఇప్పుడు దారి చూడండి. విమానం నడక మొదలయ్యే ఊరు లుక్లాలో దిగుతుంది, సుమారు 2,850 మీటర్లు. మొదటి రాత్రి ఫాక్‌దింగ్, 2,610. రెండో రోజు నామ్చే బజార్, 3,440. ఒక్క రోజులో 800 మీటర్ల పైచిలుకు. నామ్చేలో రెండు రాత్రులు తప్పనిసరి అనేది ఇందుకే. ఓపిక ఉంటే మొదటి రోజే ఫాక్‌దింగ్ దాటి మోంజో (2,835) దాకా వెళ్లి పడుకోండి. మర్నాడు నామ్చే కొండ తాజా కాళ్లతో ఎక్కవచ్చు. లార్జా దోభాన్ దగ్గర ఎత్తైన వేలాడే వంతెన దాటాక మొదలయ్యే ఆ ఎక్కుడు సుమారు 600 మీటర్లు. మొదటిసారి వచ్చేవాళ్లు ఎక్కువగా తలనొప్పి తెచ్చుకునేది అక్కడే, తొందరపడి.

మూడో రోజు నామ్చేలో "విశ్రాంతి" అంటారు గానీ మంచం మీద పడుకోవడం కాదు. పొద్దున 3,880 మీటర్ల దగ్గరున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కి, మధ్యాహ్నానికి దిగి రావాలి. నాలుగో రోజు తెంగ్‌బోచే (3,860), ఐదో రోజు దింగ్‌బోచే (4,410). ఆరో రోజు మళ్లీ అక్కడే, ఊరి వెనక నాంగ్‌కర్‌త్సాంగ్ గుట్ట మీదికి వీలైనంత ఎక్కి దిగడం. ఏడో రోజు లోబుచే (4,940). ఎనిమిదో రోజు గోరక్‌షెప్ (5,164) చేరి, సామాను పెట్టి, బేస్ క్యాంప్‌కు వెళ్లి వెనక్కి. తొమ్మిదో రోజు తెల్లవారుజామున కాలాపత్థర్ అనే గుట్ట ఎక్కి, అదే రోజు ఫెరిచే దాకా దిగడం. పదో రోజు నామ్చే, పదకొండో రోజు లుక్లా.

నడకే పదకొండు రోజులైంది. ఇంటి నుంచి కాఠ్మాండూకు ఒక రోజు, అక్కడ పనులకు ఒక రోజు, లుక్లా నుంచి వెనక్కి ఎగరడానికి ఒక రోజు, విమానాలు రద్దయితే చేతిలో ఉండాల్సినవి రెండు, ఇంటికి ఒకటి. మొత్తం 17 రోజులు. మీకు పంపిన ప్లాన్‌లో నామ్చే, దింగ్‌బోచేల్లో రెండో రాత్రులు, చివర్లో మిగులు రోజులు కోసేసి ఉంటారు. కోయకూడనివి సరిగ్గా అవే.

ఒక సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి: బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు, దగ్గరి కొండ భుజం అడ్డం వస్తుంది. శిఖరం బాగా కనిపించేది కాలాపత్థర్ మీది నుంచే. ఓపిక ఒక్కదానికే మిగిలితే కాలాపత్థర్ ఎంచుకోమంటాను.

12 రోజులే దొరుకుతాయంటే అన్నపూర్ణ బేస్ క్యాంప్ (4,130) వెళ్లండి. మొదటిసారికి ఇది రెండో రకం యాత్ర ఏమీ కాదు. చుట్టూ కొండలు గిన్నెలా నిలబడి ఉంటాయి, మధ్యలో మీరుంటారు. లుక్లా విమానం గొడవ లేదు. పోఖరా నుంచి జీపులో ఝీనూ వైపు వెళ్లి, ఛోమ్‌రోంగ్ (2,170), దోభాన్ (సుమారు 2,600), దేవరాలీ (3,230), మచ్ఛపుఛ్రే బేస్ క్యాంప్ (3,700) చొప్పున రాత్రులు గడిపి, తెల్లవారుజామున అన్నపూర్ణ బేస్ క్యాంప్ చూసుకుని అదే రోజు బాంబూ అనే ఊరి దాకా దిగిపోవచ్చు. దేవరాలీ నుంచి ఒకేసారి పైకి వెళ్లి అక్కడే పడుకునే ప్లాన్లు చాలా ఉన్నాయి. 900 మీటర్ల ఎగబాకుడు అది, వద్దు. మార్చి, ఏప్రిల్‌లలో అయితే దేవరాలీ పైన హిమపాతాల భయం ఉంది, అక్టోబరులో ఆ బెడద తక్కువ.

ఎత్తు_జాగ్రత్త

మందుల సంగతి నేను రాస్తాను. అయితే మీ డాక్టరుకు ఇది చూపించి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టండి.

కొండ మీద తలనొప్పి వస్తే, ఇంకో కారణం తేలేదాకా అది ఎత్తు వల్ల వచ్చిందే అనుకోవాలి. దాంతోపాటు వికారం, అన్నం సయించకపోవడం, నీరసం, తల తిరగడం ఉంటే ఆ రోజు పైకి కదలకూడదు. అదే ఊళ్లో ఆగి, నీళ్లు తాగి, నొప్పికి పారాసెటమాల్ వేసుకుని చూడాలి. తగ్గితే మర్నాడు కదలవచ్చు. పెరిగితే దిగాలి, రాత్రయినా సరే. ఏం చేయాలో తోచక పొద్దున్నదాకా చూద్దామని ఆగినప్పుడే పరిస్థితి చేయి దాటుతుంది.

ప్రాణం మీదికి తెచ్చేవి రెండు. ఒకటి మెదడు వాపు: మాట తడబడటం, మనిషి మత్తుగా ఉండటం, తూలడం. పరీక్ష సులభం. నేల మీద గీత ఉందనుకుని, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకు తగిలేలా పది అడుగులు వేయించండి. తూలితే వెంటనే దింపాలి, పక్కన మనిషి లేకుండా పంపకూడదు. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు: కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు, పెదాలు నీలంగా మారడం, మిగతావాళ్ల కంటే మరీ వెనకబడటం. ఇది తలనొప్పి లేకుండా కూడా వస్తుంది, అందుకే చాలామంది జలుబనుకుంటారు. రెంటికీ అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజన్, డెక్సామెథసోన్, నిఫెడిపిన్ లాంటివి దిగడానికి సాయం చేసేవే గానీ దిగకుండా ఉండటానికి కావు.

ముందు జాగ్రత్తకు డయామాక్స్ అని పిలిచే అసెటజోలమైడ్ వాడతారు. పెద్దవాళ్లకు మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, ఎక్కడం మొదలయ్యే ముందు రోజు నుంచి. మన దగ్గర ఎక్కువగా 250 మాత్ర దొరుకుతుంది, సగం చేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరు చెప్పనిదే ముట్టకూడదు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా రుచి చప్పగా అనిపిస్తుంది. ఇవి మామూలే. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసుకుని చూస్తే కొండ మీద కంగారు ఉండదు. ఈ మాత్ర వేసుకున్నాం కదా అని రాత్రులు తగ్గించుకోవడం మాత్రం కుదరదు.

షుగర్ ఉన్నవారికి: మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే ఆ పేర్లు డాక్టరుకు చెప్పి, డయామాక్స్‌తో కలిపి వాడవచ్చా, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజు ఏది ఆపాలి అని కాగితం మీద రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్ కూడా మూత్రం పెంచేదే, రెండూ కలిస్తే ఒళ్లు త్వరగా ఎండిపోతుంది. గ్లూకోమీటరు చలికి తప్పు చూపిస్తుంది లేదా పనిచేయదు, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. బీపీ ఉన్నవారికి: ఎత్తులో మొదటి రోజుల్లో బీపీ కొంచెం పెరగడం సహజం. మాత్ర ఆపకూడదు, సొంతంగా పెంచుకోకూడదు. చిన్న బీపీ మిషను ఒకటి వెంట ఉంచుకోండి.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆరోగ్య కేంద్రం 1973 నుంచి ఉంది. సీజనులో డాక్టర్లు ఉంటారు, మధ్యాహ్నాలు ఎత్తు జబ్బు మీద యాత్రికులకు చెబుతారు. దింగ్‌బోచేలో ఆగిన రోజు అక్కడికి నడిచి వెళ్లి వినడం మంచిది, దగ్గరే. నామ్చే పైన ఖుందేలో హిల్లరీ కట్టించిన ఆసుపత్రి కూడా ఉంది. వేలికి పెట్టే ఆక్సిమీటరు తీసుకెళ్లండి కానీ అంకె చూసి బెదరకండి. 5,000 మీటర్ల దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ 80ల్లో, ఒక్కోసారి అంతకంటే తక్కువ చూపిస్తుంది. మీ నలుగురిలో ఒకరిది మాత్రం మిగతావాళ్ల కంటే బాగా పడిపోతే దాన్ని పట్టించుకోవాలి. నిద్రమాత్రలు, మద్యం పైకి వెళ్లేటప్పుడు పూర్తిగా బంద్.

కాఠ్మాండూ_మకాం

కాగితాల గురించి. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు, కానీ విమానంలో వెళ్లేవాళ్ల దగ్గర పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. మీ వయసువాళ్లకు ఆధార్ చెల్లదు. ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపేది ఎక్కువగా ఈ కారణంతోనే. పాస్‌పోర్టు ఉంటే అదే తీసుకెళ్లండి, ఇన్సూరెన్స్ క్లెయిముకు కూడా అదే నయం.

సాగరమాథా నేషనల్ పార్కు రుసుము సార్క్ దేశాలవాళ్లకు 1,500 నేపాలీ రూపాయలు, పైన 13 శాతం పన్ను. మిగతా విదేశీయులకు దీనికి రెట్టింపు, కాబట్టి ఏజెన్సీ బిల్లులో ఎంత వేశారో చూసుకోండి. మోంజో గేటు దగ్గర కట్టవచ్చు. దీనికి తోడు ఖుంబు (ఎవరెస్ట్ వైపు ప్రాంతం) పాసాంగ్ ల్హాము గ్రామీణ పాలిక, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థ ఇచ్చే పర్మిట్ లుక్లాలో తీసుకోవాలి.

లుక్లా విమానం గురించి ఎక్కువమందికి తెలియనిది: అక్టోబరు రద్దీలో చాలా విమానాలు కాఠ్మాండూ నుంచి కాదు, రామేఛాప్ జిల్లా మంథలీ నుంచి ఎగురుతాయి. అక్కడికి రోడ్డు మీద నాలుగైదు గంటలు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో రెండింటికో జీపు ఎక్కాలి. టికెట్‌లో ఏ ఎయిర్‌పోర్టు రాశారో ముందే అడగండి. నిద్ర చెడకూడదనుకుంటే ముందు రోజు మధ్యాహ్నమే వెళ్లి మంథలీలో పడుకోండి. దషైం పండగ, అంటే మన దసరా, అక్కడ పెద్ద పండగ. ఆ రోజుల్లో జీపులు దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోవాలి. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లే, పైగా వాలు. గాలి, మబ్బు చూసి పొద్దుటిపూటే నడుపుతారు. ఒక రోజు ఆగిపోతే ఆ ప్రయాణికులంతా మర్నాటి సీట్ల కోసం వరసలో ఉంటారు. మిగులు రోజులు రెండు అని పైన చెప్పింది అందుకే. వెనక్కి ఇండియా టికెట్ తేదీ మార్చుకోగలిగేది కొనండి. తిరుగు టికెట్ కదలదని భయపడే చాలామంది ఒళ్లు బాగోకపోయినా నడుస్తూ ఉంటారు.

సామాను మొత్తం 15 కిలోలు, చేతి సంచితో కలిపి. దాటితే అక్కడే ఖాళీ చేయాల్సి రావచ్చు.

డబ్బు: ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన రేటు. మన నోట్లలో 100, అంతకంటే చిన్నవి తీసుకెళ్లండి, వాటితో ఎక్కడా పేచీ రాదు. కొండ మీదికి మాత్రం నేపాలీ నోట్లే, చిల్లరతో సహా. నామ్చే దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోకండి, నామ్చేలోనూ ఖాళీగా ఉండే రోజులుంటాయి. చార్జింగు, వైఫై, వేడినీళ్లు అన్నీ విడిగా డబ్బులే, పైకి వెళ్లేకొద్దీ ధర పెరుగుతుంది.

ఇన్సూరెన్స్ మామూలు ట్రావెల్ పాలసీ అయితే చాలదు. మినహాయింపుల పేజీ తీసి రెండు విషయాలు చూడండి: ట్రెక్కింగ్‌కు ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుంది, హెలికాప్టర్‌లో దింపే ఖర్చు ఇస్తారా. 6,000 మీటర్ల దాకా ఉన్నదే కొనండి. హెలికాప్టర్ పిలిచే ముందు కంపెనీ అనుమతి కావాలనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, ఆ ఫోన్ నంబరు నలుగురి దగ్గరా, గైడ్ దగ్గరా ఉండాలి. కొద్దిపాటి తలనొప్పికే హెలికాప్టర్ ఎక్కించి బిల్లులు చేసే మోసాలు 2018లో బయటపడి పెద్ద గొడవైంది. నడిచి దిగగలిగినవాళ్లు నడిచే దిగాలి. నిజంగా అవసరమైనప్పుడు మాత్రం ఖర్చు చూసి వెనకాడకూడదు. మబ్బు పడితే హెలికాప్టరూ రాదు, కాబట్టి దిగడం ఆపి దానికోసం కూర్చోవద్దు.

సంచి_సర్దుడు

నలుగురికి ఒక గైడ్, ఇద్దరు పోర్టర్లు. ఇద్దరి బ్యాగులు కలిపి ఒక పోర్టర్ మోస్తారు. మనిషికి 10 కిలోలు దాటకుండా సర్దితే ఆయన సొంత సామానుతో కలిపి కూడా న్యాయమైన బరువు. పోర్టర్‌కు ఇన్సూరెన్స్ ఉందా, చలి బట్టలున్నాయా అని ఏజెన్సీని అడగండి. ఆ ప్రశ్నకు నసిగే ఏజెన్సీని వదిలేయండి.

బూట్లు ఇక్కడే కొని కనీసం ఆరు వారాలు తొడిగి నడవాలి. మామూలు సైజు కంటే అర సైజు పెద్దవి, సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు చూసి కొనండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకోకూడదు, లేకపోతే బొటనవేలి గోరు నల్లబడి ఊడుతుంది. బయల్దేరే ముందు గోళ్లు కత్తిరించుకోవాలి. బూట్లు విమానంలో కాళ్లకే వేసుకోండి. సామాను పోతే మిగతావి అద్దెకు దొరుకుతాయి, అలవాటైన బూట్లు దొరకవు.

నూలు బట్టలు వద్దు. చెమటకు తడిసి ఆరవు, ఆగిన చోట చలి పట్టేస్తాయి. ఒంటికి ఆనే పొర ఉన్ని గానీ సింథటిక్ గానీ రెండు జతలు, పైన ఫ్లీస్, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్, సాయంత్రాలకు పక్షి ఈకలు నింపిన లావు డౌన్ జాకెట్. డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగు కాఠ్మాండూ ఠమేల్‌లో అద్దెకు తీసుకోండి, ఒక్కసారికి కొనడం దండగ. బ్యాగు సున్నాకు దిగువన 10 డిగ్రీలకు సౌకర్యంగా ఉండేది అడగండి. లేబుల్ మీద రెండు అంకెలు ఉంటే ఎక్కువ చలి చూపే "లిమిట్" అంకె నమ్మకండి. గోరక్‌షెప్‌లో అక్టోబరు రాత్రులు అంతకంటే కిందికీ పోతాయి, గదుల్లో హీటరు ఉండదు. భోజనాల గదిలో పొయ్యి ఒక్కటే. ముక్కు, నోరు కప్పే పల్చటి గుడ్డ పగలంతా ఉంచుకోండి. ఆ పొడి చల్లగాలికి వచ్చే ఖుంబు దగ్గు పక్కటెముకలు నొప్పెట్టేలా పీడిస్తుంది. మంచి యూవీ కళ్లద్దాలు, ఎస్‌పీఎఫ్ 50 క్రీము, తలకు కట్టుకునే లైటు, చేతి కర్రలు రెండు. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే, రాత్రి ఫోనుతో పాటు స్లీపింగ్ బ్యాగు లోపల. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

తిండి విషయంలో శాకాహారులకు దిగుల్లేదు. దాల్‌భాత్, అంటే అన్నం, పప్పు, ఒక కూర, పచ్చడి. చాలాచోట్ల అడిగితే మళ్లీ వడ్డిస్తారు. మాంసం తినేవాళ్లకే నా హెచ్చరిక: పైన జంతువులను కోయరు, మాంసం కింది నుంచి రోజుల తరబడి వీపు మీద వస్తుంది. లుక్లా దాటినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా నలుగురూ శాకాహారమే తినండి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తెలిసిన రుచి ఒకటి ఉంటే ముద్ద దిగుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి చెరో 200 గ్రాములు చాలు. నూనె ఊరే ఆవకాయ సీసా వద్దు, మూత వదులైతే బట్టలన్నీ పోతాయి.

నీళ్లు రోజుకు మూడు నాలుగు లీటర్లు. ప్లాస్టిక్ సీసాలు కొనకుండా క్లోరిన్ బిళ్లలు వాడండి. పొట్లం మీద రాసిన సమయం మామూలు నీళ్లకు, మంచులా చల్లగా ఉన్నవాటికి రెట్టింపు ఆగాలి. కాచిన నీళ్లూ మంచివే. 5,000 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 83 డిగ్రీలకే మరుగుతాయి, అయినా క్రిములు చావడానికి అది చాలు. ఓఆర్‌ఎస్ మనిషికి పది పొట్లాలు.

బెజవాడ_నడక

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ అక్టోబరుకు అన్నపూర్ణ, 17 రోజులు దొరికిన ఏడాది ఎవరెస్ట్ వైపు. ఇక మిగిలింది సాధన. మూడు నెలలుంది. చదును మీద ఐదు కిలోమీటర్లు ఎలాగూ నడుస్తున్నాం, దాన్నే పదికి పెంచితే చాలా?

ఖుంబు_దారి

మంచి నిర్ణయం. కానీ చదును మీద దూరం పెంచితే సరిపోదు, మెట్లు కావాలి. అన్నపూర్ణ దారి అంటేనే రాతి మెట్లు. ఛోమ్‌రోంగ్ దగ్గర నది దాకా దిగి మళ్లీ అంతా ఎక్కాలి, వచ్చేటప్పుడూ అదే.

వారానికి మూడు రోజులు మెట్లు పెట్టుకోండి. మీకు దగ్గర్లో మంగళగిరి పానకాల స్వామి మెట్లున్నాయి. మొదటి నెల ఒకసారి ఎక్కి దిగడం, రెండో నెల ఆగకుండా రెండుసార్లు, మూడో నెల వీపు మీద ఐదారు కిలోల సంచితో మూడుసార్లు. దిగేటప్పుడు లిఫ్టో ఆటోనో వెతక్కండి. మోకాళ్లను, తొడ ముందు కండరాలను పాడు చేసేది దిగడమే, వాటికి సాధన కూడా దిగడంలోనే దొరుకుతుంది. బయల్దేరడానికి మూడు వారాల ముందు తిరుమల వెళ్లి అలిపిరి దారిలో 3,550 మెట్లు అవే బూట్లతో, అదే సంచితో ఎక్కండి, మర్నాడు శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు దిగండి. రెండో రోజు కూడా కాళ్లు ఆడితే మీరు సిద్ధం. ఎక్కడ రాసుకుందో, ఏ సాక్సు జారిందో కూడా అక్కడే బయటపడుతుంది. తిరుమల వెయ్యి మీటర్ల లోపే కాబట్టి ఎత్తుకు అలవాటు మాత్రం అక్కడ పడదు, దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

వేగం గురించి: పక్క మనిషితో వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. నలుగురిలో నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి, గైడ్‌కు కూడా అదే చెప్పండి.

ఎత్తు_జాగ్రత్త

ఒకటి కలుపుతున్నాను. గాడిదలు, కంచర గాడిదల మంద ఎదురైతే కొండవైపు నిలబడండి, లోయవైపు ఎప్పుడూ వద్దు. వాటి వీపు మీది బరువు తగిలి మనుషులు పడిపోయేది ఆ పక్కనే. వేలాడే వంతెన మీద అవి సగం దాటి ఉంటే ఈ గట్టునే ఆగండి. మంత్రాలు చెక్కిన మణి గోడలు, స్తూపాలు దారి మధ్యలో వస్తే అవి మీ కుడిచేతి వైపు ఉండేలా, మన ప్రదక్షిణలాగే దాటాలి.

బీపీ, షుగర్ ఉన్న ఇద్దరూ ఇప్పుడే డాక్టరును కలవండి. ఈసీజీ, కిడ్నీ పరీక్ష, మూడు నెలల షుగర్ సగటు చేయించుకుని, మందులు మార్చాలంటే ఈ మూడు నెలల్లోనే మార్చి కుదురుకోవాలి. ప్రయాణానికి వారం ముందు కొత్త మాత్ర మొదలుపెట్టవద్దు.